మగదాన్‌కు చౌక టికెట్టు

కీడెంచి మేలెంచమంటారు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషిని. అందుకే ఆ మార్చి నెలాఖరున మా అమ్మాయి వార్యా మగదాన్ నుంచి ఫోన్ చేసి "అమ్మా, ముందు కూర్చో" అనగానే, కుర్చీ వెతుక్కునేలోపే మనసులో ముగ్గురిని పాతిపెట్టేశాను.

తీరా చూస్తే ఎవరికీ ఏమీ కాలేదు. ప్రసవం జూన్ మధ్యలో అవుతుందట. రక్తపోటు ఎక్కువగా ఉందని, విమానం ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పిందట. అందుకని పురిటికి మా ఖబారొవ్‌స్క్ రాలేనంది. అల్లుడు గ్లేబ్ బంగారు గనుల్లో బుల్డోజరు నడుపుతాడు. మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్లీ నేల గడ్డకట్టేదాకా, అంటే మే నుంచి అక్టోబరు దాకా, కొండల్లోనే మకాం. నెలకోసారి ఫోన్ అందితే గొప్ప. అంటే నా కూతురు నిండు చూలాలు, ఒంటి గది ఇంట్లో, రైలు కూడా పోని ఊళ్లో, ఒక్కతే ఉంటుంది.

"ఎవరో ఒకరు రావాలమ్మా," అంది. "నువ్వయినా సరే, రిమ్మా అమ్మ అయినా సరే. ఇద్దరికీ ఇక్కడ చోటు లేదు. చౌక టికెట్టు ఎవరికి దొరికితే వాళ్లు రండి."

నువ్వయినా సరే. ఆ మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. తర్వాత ఏం చెప్పిందో ఊఁ కొట్టానే గాని వినలేదు. కని పెంచిన తల్లినీ, నాలుగేళ్ల కిందట పెళ్లిలో మొదటిసారి చూసిన అత్తనూ ఒకే తక్కెడలో పెట్టి, ఏది దొరికితే అది పంపండి అన్నట్టుగా ఉంది.

రిమ్మా అర్కాద్యెవ్నా మా వియ్యపురాలు. మా ఇంటికి మూడు ట్రామ్ స్టాపుల అవతల ఉంటుంది. ముప్పై ఏళ్లు పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నేను ఎనిమిదో తరగతితో చదువు మానేసి, ఇరవై ఆరేళ్లు ట్రామ్‌లో టికెట్లు చించినదాన్ని. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ విని ఉండరు. వాళ్లింట్లో జామ్ సీసాల మూతల మీద కూడా తేదీలుంటాయి. వార్యా ఆవిణ్ని "రిమ్మా అమ్మా" అని మొదటిసారి నా భోజనాల బల్ల దగ్గరే పిలిచింది. ఆ రోజు సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన, బతికున్న రోజుల్లో, ఎన్నాళ్లో ఎగతాళి చేశాడు. ఉప్పు ఎందుకు రెండుసార్లు పడిందో ఆయనకు తెలియదు.

వార్యాకి నెల తప్పినప్పటి నుంచి మరీ అన్యాయం. ఏం తినాలి, ఏ పక్కకి తిరిగి పడుకోవాలి, కాళ్లు వాస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఆవిణ్ని అడిగేది. నాకు ఫోన్ చేస్తే ఏడుపే. ఏడ్చి ఏడ్చి, ఉంటానమ్మా అని పెట్టేసేది. పనికొచ్చే మాటలన్నీ అటు పోయాయి, కన్నీళ్లు నా వాటాకు మిగిలాయి అనుకునేదాన్ని.

మగదాన్‌కి మామూలు టికెట్టు ధర నా మూడు నెలల పింఛను. మేడ మీది లారిసాని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చౌకగా వెళ్లే దారులు రెండు సాయంత్రాలు వెతికించాను. యాకూత్‌స్క్ మీదుగా చూసింది, వ్లదివొస్తోక్ మీదుగా చూసింది. అన్నిటికన్నా తక్కువకి వచ్చింది ఏమిటంటే, ఎనిమిది గంటలు పడమటికి ఎగిరి మాస్కో పోయి, అక్కడో పగలంతా కూర్చుని, మళ్లీ ఎనిమిది గంటలు తూర్పుకి ఎగిరి మగదాన్‌లో దిగడం. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. అదీ నా రెండు నెలల పింఛనే. "ఇక ప్రభుత్వం వాళ్ల రాయితీ టికెట్టే గతి పిన్నీ," అని లారిసా మూసేసింది.

రాయితీ టికెట్లంటే, ఉత్తరాది ఊళ్లకు కుర్రవాళ్లకూ, యాభై అయిదు దాటిన ఆడవాళ్లకూ, అరవై దాటిన మగవాళ్లకూ ఇచ్చేవి. వేసవి మొత్తానికి ఇన్నే అని లెక్క ఉంటుంది. ఏప్రిల్ ఒకటిన తొమ్మిదింటికి టికెట్ల కిటికీ తెరుస్తారు. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలదు. నాకు యాభై ఆరు, రిమ్మాకు యాభై తొమ్మిది. ఇద్దరమూ అర్హులమే.

మార్చి ముప్పైన పొద్దున్నే రిమ్మా ఫోన్ చేసింది. టికెట్ల ఆఫీసు దగ్గర అప్పుడే జాబితా మొదలైందట. తను తెల్లవారుజామునే వెళ్లి ఇద్దరి పేర్లూ రాయించేసిందట. తనది ఇరవై మూడు, నాది ఇరవై నాలుగు. వేరే మనిషైతే ఆవిడ కాళ్లకి దండం పెట్టేది. నాకు మాత్రం, కూతురు నాదయితే ముందు నంబరు ఆవిడదెందుకయింది అనిపించింది. పైకి థాంక్సే చెప్పాను.

ఆ జాబితా బడి పిల్లల నోట్ బుక్కులో ఉండేది. దాన్ని పట్టుకున్న పెద్దాయన్ని అందరూ కర్నల్ అనేవాళ్లు. నిజంగా కర్నలో, స్టోర్సు గుమాస్తానో ఎవరికీ తెలియదు. మన నంబరు మన అరచేతి మీద పెన్నుతో రాసేవాడు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఆరింటికి నంబర్లు చదివేవాడు. ఒక్కో నంబరు రెండుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే స్కేలు పెట్టి గీత కొట్టేస్తాడు. గీత పడ్డాక ఏడ్చినా మొత్తుకున్నా జాబితా చివరికి పోవలసిందే. ఏ పనైనా ఉండి పక్కకి వెళ్లాల్సి వస్తే, ముందువాళ్లకో వెనకవాళ్లకో చెప్పి వెళ్తే చాలు, వాళ్లు మన బదులు పలుకుతారు. మా దగ్గర క్యూలన్నీ అలాగే నడుస్తాయి. పక్కవాళ్ల నంబరు పలకడమంటే పక్కవాళ్ల ప్రాణం మన చేతిలో ఉన్నట్టు.

ఆ రెండు రోజులూ ఆ హాలు చూడవలసిందే. వయసు ఎక్కువైనందుకు ఆడవాళ్లు మురిసిపోవడం అక్కడే చూశాను. పాస్‌పోర్టులు తెరిచి ఒకరికొకరు పుట్టిన సంవత్సరాలు చూపించుకునేవాళ్లు. నా వెనక ఇరవై అయిదో నంబరు ఆవిడది నక్కతోలు టోపీ, పెదాలకు ఎర్ర రంగు. తనకు ఇంకా యాభై మూడేనని, ఇచ్చేస్తారా ఇవ్వరా అని కనిపించిన ప్రతివాళ్లనీ అడిగేది. బెంచీ మీది ముసలాయన ఊరుకోలేకపోయాడు.

"ముప్పై ఏళ్లుగా వయసు దాచావు కదమ్మా," అన్నాడు. "దాచిందాంట్లోంచి ఓ రెండేళ్లు తీసి కట్టెయ్యి."

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పొద్దున్నే ఒక వార్త వచ్చింది. జూన్ మొదటి సగంలో మగదాన్ విమానాల్లో రాయితీ సీట్లు పదకొండేనట. మా ముందున్న ఇరవై రెండు మందిలో కొందరు కమ్చాత్కావాళ్లు, కొందరు యాకూత్‌స్క్‌వాళ్లు. ఒక్కొక్కరినీ అడిగి చూశాను. జూన్ మొదట్లో మగదాన్ కావలసినవాళ్లు సరిగ్గా పదిమంది. పదకొండో సీటు ఇరవై మూడో నంబరుది.

రిమ్మాకి చెప్పాను. ఆవిడ అల్లిక మీంచి తల ఎత్తకుండా, "నయం, మన ఇద్దరిలో ఒకరికి దొరుకుతుంది కదా," అంది. ఎవరికో చెప్పనక్కర్లేదు. ఆవిడ అల్లుతున్నవి చంటిపిల్లాడి మేజోళ్లు, రెండో జత.

ఆ సాయంత్రం ట్రామ్‌లో ఇంటికొస్తుంటే ఆలోచనలు ఆగలేదు. ఆవిడ వెళ్తుంది. నీళ్లు సరిగ్గా వేడి చేస్తుంది, పిల్లాణ్ని సరిగ్గా ఎత్తుకుంటుంది. వార్యా ఫోన్‌లో నాతో, రిమ్మా అమ్మ లేకపోతే చచ్చిపోయేదాన్ని అంటుంది. నిజంగానే చచ్చిపోతుందేమో, నేను దగ్గర లేకుండా. ఇంకో క్షణానికి, నేను దగ్గరుంటేనే చచ్చిపోతుందేమో, నాకేం తెలుసని. ఏది చూసినా భయమే. ఆ భయం కింద మాత్రం భయం లేదు, కుళ్లు ఉంది. ఇవాళ ఆ మాట రాయగలుగుతున్నాను. ఆ రోజు దాని పేరు తల్లి ప్రేమ అనుకున్నాను.

ఏప్రిల్ ఒకటి పొద్దున. ఏడింటి పిలుపే ఆఖరిది. ఆరున్నరకి రిమ్మా కోటు తొడుక్కుంది. పక్క వీధిలో మంచం పట్టిన ముసలావిడకు రోజూ ఇన్సులిన్ ఇంజెక్షను ఇస్తుంది, డబ్బు తీసుకోకుండా.

"ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాను, జోయా మత్వేయెవ్నా. పిలిస్తే పలకండి."

సరేనన్నాను. ముందురోజు మధ్యాహ్నం నేను పిల్లికి తిండి పెట్టడానికి ఇంటికెళ్తే ఆవిడే నా బదులు పలికింది.

ఏడయింది. కర్నల్ బెంచీ ఎక్కి నోట్ బుక్కు తెరిచాడు. ఒకటి, రెండు, మూడు, ఎవరికి వాళ్లు పలుకుతున్నారు. ఇరవై రెండు దాటింది.

"ఇరవై మూడు."

నా చేతిలో ఫ్లాస్కు మూత ఉంది. అందులో టీ లేదు. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఇరవై మూడు ఉన్నారా, లేరా?"

వెనక నుంచి నక్కతోలు టోపీ ఆవిడ నా మోచెయ్యి తాకింది. నేను వంగి బూటు లేసు సవరించుకున్నాను. స్కేలు కాగితం మీద ఆనిన చప్పుడు నాకు వినపడింది.

"ఇరవై నాలుగు."

"ఉన్నాను," అన్నాను. స్టాపుల పేర్లు అరిచిన గొంతు కదా, హాలు ఆ చివరిదాకా మోగింది.

రిమ్మా కాసేపటికే లోపలికి వచ్చింది. నేను అడక్కుండానే, టీ పోసుకుంటున్నానని, ఆ గోలలో పిలుపు వినపడలేదని చెప్పాను. ఆవిడ నా చేతిలోని పొడి మూత వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది.

"పర్లేదు," అని చివరికి వెళ్లింది. అరచేతి మీద నూట అరవై ఒకటి రాయించుకుంది.

పది కాకముందే నా చేతికి టికెట్టు వచ్చింది. వెళ్లడం జూన్ పదిన, తిరిగి రావడం ఆగస్టు ఆఖర్న. నా వెనకావిడకు మగదాన్ జూన్ మొదటి సగం సీట్లు అయిపోయాయని చెప్పారు, వయసు సంగతి దాకా పోనే లేదు. పదకొండున్నరకి వేసవి మొత్తం అయిపోయింది. ఖాళీ చేతుల్తో బయటికొచ్చిన రిమ్మా నా టికెట్టు చేతిలోకి తీసుకుని తేదీలు చదివింది. పేరు సరిగ్గా పడిందో లేదో అక్షరం అక్షరం చూసింది.

"కిటికీ పక్క సీటు అడగండి," అంది. "కిందుగా కొండలు బాగుంటాయి."

ఆవిడ కిందటేడు ఓసారి వెళ్లొచ్చింది. ఆ కొండలు కూడా నాకన్నా ముందు ఆవిడే చూసేసింది.

ఏప్రిల్, మే నెలలు నేను సరిగ్గా తిన్నది లేదు. విమానం ఎక్కడమంటేనే నాకు గుండెల్లో రాయి. ఇప్పుడు ఆ రాయికి తోడు, ఈ పాపానికి ఆ విమానం కూలకపోతుందా అనే ఆలోచన ఒకటి. నేనొక్కదాన్నే అయితే సరే, పాపం మిగతావాళ్లేం చేశారు అని ఎవరో తెలియని ప్రయాణికుల కోసం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించాను. రిమ్మాకి నిజం చెప్పెయ్యాలని రెండుసార్లు ట్రామ్ ఎక్కి, రెండుసార్లూ ఆవిడ స్టాపు దాటి పోయాను.

జూన్ తొమ్మిదిన ఆవిడే వచ్చింది, గుడ్డ సంచి పట్టుకుని. సంచి మూతి కుట్టేసి ఉంది, మీద వార్యా పేరు. బాలింతకి కావలసినవి అంది. నేను అప్పటికి దోసకాయలు, టమాటాలు, సోయాకూర కట్టలు, కొత్త బంగాళాదుంపలు సర్దుకుని ఉన్నాను. మగదాన్‌లో కూరగాయలు కొనాలంటే బంగారం తవ్వేవాడు కూడా ఆలోచిస్తాడు. నా పెట్టెలో చోటు లేదన్నాను. ఆవిడ బంగాళాదుంపలు తీసి మళ్లీ పేర్చింది. చోటు వచ్చింది.

విమానం కూలలేదు. మగదాన్ మీద పొగమంచు ఉందని మమ్మల్ని ఒక పగలంతా కూర్చోబెట్టి మర్నాడు ఎక్కించారు, అంతే. వార్యా గుమ్మంలో నిలబడి ఉంది, మొహం వాచి, కాళ్లు స్తంభాల్లా ఉండి. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, రిమ్మా అమ్మ ఏదో పంపానంది, ఏదీ అని అడిగింది. తర్వాత తీస్తానని చెప్పి, ఆ సంచిని బీరువా మీద సూట్‌కేసుల వెనక్కి తోసేశాను. దాని సంగతి ఇద్దరమూ మర్చిపోయాం అని నాకు నేనే చెప్పుకున్నాను.

నేను వచ్చిన రెండో రోజే, వార్యాకి ఎక్కిళ్లు వస్తే అంబులెన్సుకు ఫోన్ చేశాను. నాలుగో రోజు నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి ముక్కు దగ్గర అద్దం పెడితే లేచి కూర్చుంది.

"నువ్వు భయపడుతుంటే నీకు ధైర్యం చెప్పడానికే నా ఓపికంతా అయిపోతోందమ్మా," అంది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా అంది, అచ్చం రిమ్మాలా.

పదిహేనో తారీకున మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి లోపలికి ఎవర్నీ రానివ్వరు. అందరితో పాటు కింద పెరట్లో నిలబడి మూడో అంతస్తు కిటికీ వైపు అరిచి మాట్లాడాను. పైనుంచి వార్యా గుడ్డల మూట ఎత్తి చూపించి, ఏదో చెప్పింది. గాలికి సగమే వినపడింది. గ్లేబ్ వాళ్ల నాన్న పేరు పెడుతున్నారట, యెగోర్ అని. మా నాన్న పేరు మత్వేయ్, అది ఎప్పుడూ ఎవరూ అడగలేదు. బాగుందని కింద నుంచి అరిచాను.

ఇంటికొచ్చిన పదో రోజు మధ్యాహ్నం వార్యాకి జ్వరం వచ్చింది, ముప్పై తొమ్మిది దాటింది. ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి, ఎర్రబడి, చెయ్యి తగిలితే విలవిల్లాడుతోంది. పిల్లాడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే డాక్టరు సాయంత్రానికి గాని రాదన్నారు. నేను గది ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నాను. మా పెద్దమ్మ కూతురు పురిట్లో జ్వరం వచ్చి పోయింది. నా కళ్ల ముందు ఆ శవపేటికే ఉంది.

"రిమ్మా అమ్మకి చెయ్యి," అంది వార్యా, పంటి బిగువున.

ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. చివరికి కలిపాను. హలో అనకముందే ఆవిడకు పిల్లాడి ఏడుపు వినపడింది.

"ఎంత ఉంది జ్వరం? ఎటువైపు? సరే. ఏడవకండి, తర్వాత ఏడుద్దాం. నేను పంపిన సంచి తెరవండి."

కుర్చీ ఎక్కి, సూట్‌కేసులు జరిపి, సంచి కిందికి దించాను. కుట్టు అలాగే ఉంది. కత్తెరతో విప్పుతున్న చప్పుడు ఆవిడకు ఫోన్‌లో వినపడే ఉంటుంది. ఇన్ని రోజులకి ఇప్పుడు తెరుస్తున్నారా అని అడగలేదు. అందులో పాలు తీసే పంపు ఉంది, జ్వరం మాత్రలు ఉన్నాయి, మెత్తటి గుడ్డలున్నాయి. ఒక్కోదానికీ చీటీ కట్టి ఉంది, ఎప్పుడు ఎలా వాడాలో పెద్ద పెద్ద అక్షరాల్లో. చదువు తక్కువ మనిషి కోసం రాసినట్టే రాసింది. నేను వస్తానని తెలిశాకే రాసింది.

ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టి గంటసేపు ఆవిడ చెప్పింది చేశాను. ముందు వెచ్చటి గుడ్డ. చంక వైపు నుంచి కిందికి, వేళ్లతో కాదు, అరచేత్తో, మెల్లిగా. పిల్లాడి గడ్డం గట్టిగా ఉన్న వైపుకి వచ్చేలా పట్టించడం. తర్వాత చల్లటి క్యాబేజీ ఆకు. వార్యా ఏడుస్తున్నప్పుడల్లా నా చెయ్యి ఆగిపోయేది. అటునుంచి, "ఆపకండి, మీ చేతులు వెచ్చగా ఉంటాయి, దానికి అవే కావాలి," అనేది. ఒక చోట గడ్డ కరిగినట్టు తగిలింది. పిల్లాడు గుటక వేశాడు. ఇంకోటి. అటువైపు రిమ్మాకి కూడా ఆ చప్పుడు వినపడినట్టుంది.

రాత్రికి జ్వరం దిగకపోతే డాక్టరు ఏం చూడాలో చెప్పింది. మాత్ర వేశాను. ఇద్దరూ నిద్రపోయారు. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. థాంక్స్ చెప్పి పెట్టేద్దామనే వెళ్లాను.

"ఆ రోజు కర్నల్ మీ నంబరు పిలిచాడు," అన్నాను. "నాకు వినపడింది."

అంటూనే, లైను తెగిపోతే బాగుండుననుకున్నాను.

"తెలుసు," అంది. "నేను తలుపు దగ్గరే ఉన్నాను. రెండు తలుపుల మధ్య నిలబడి బూట్ల మంచు దులుపుకుంటున్నాను. రెండుసార్లూ విన్నాను."

మరి ఎందుకు పలకలేదని అడిగాను.

"మొదటిసారి, మీరు పలుకుతారన్న నమ్మకంతో ఊరుకున్నాను. రెండోసారి పంతంతో ఊరుకున్నాను. వార్యా నన్ను అన్నీ అడుగుతుంది. మాత్రలు, కాళ్ల వాపు, అన్నీ. ఏడుపొచ్చే ముందు మాత్రం, ఉంటాను రిమ్మా అమ్మా అని పెట్టేస్తుంది. ఏడవడానికి మీకు చేస్తుంది. నా కొడుకు దేనికీ చెయ్యడు. ఎలా ఉంటుందో చెప్పండి, జోయా. పిల్లల దగ్గర ముప్పై ఏళ్లు పని చేశాను, ఒక్కళ్లూ నా దగ్గర ఏడవరు. మీరు వంగి లేసు కట్టుకుంటుంటే చూశాను. కట్టుకోనీ, ఎంతసేపు కట్టుకుంటుందో చూద్దాం అనిపించింది. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. టికెట్టు పోయింది."

మత్వేయెవ్నా అని నాన్న పేరు కలపకుండా ఆవిడ నన్ను పిలవడం అదే మొదలు. అది తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి మాత్రం నాకు సిగ్గు వచ్చింది, వెంటనే దాని వెనకాలే మండుకొచ్చింది. రెండున్నర నెలలు తిండి మానేసి, తెలియని ప్రయాణికుల కోసం కొవ్వొత్తులు వెలిగించానే.

"అయితే ఇన్నాళ్లూ తెలిసి తెలిసి నన్ను ఉడకనిచ్చారా?"

"ఉడకనిచ్చాను," అంది. "ఆ సంచి కుడుతున్నప్పుడు కూడా, ఉడకనీ అనే అనుకున్నాను. మళ్లీ ఓసారి జ్వరం చూడండి, అరగంట అయింది."

చూశాను. ముప్పై ఎనిమిదికి దిగింది. చెప్పాను. మంచిదని పెట్టేసింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, చెయ్యవలసినదంతా ఎవరు చేశారని అడిగింది. అత్తయ్య ఫోన్‌లో చెప్తే అమ్మ చేసిందని వార్యా అంది. రెండు పేర్లూ ఒకే వాక్యంలో చెప్పింది. నాకు మునుపటంత గుచ్చుకోలేదు, కానీ గుచ్చుకోలేదంటే అబద్ధం.

తర్వాత రెండు నెలలు బాగానే గడిచాయి. అంబులెన్సుకు ఇంకొక్కసారే చేశాను. ఆగస్టు ఆఖరున తిరిగి వస్తుంటే గుమ్మంలో వార్యా ఏడ్చింది, నేనూ ఏడ్చాను, యెగోర్ మమ్మల్ని చూసి నవ్వాడు. గ్లేబ్ రావడానికి ఇంకా నెలన్నర. మళ్లీ చౌక టికెట్లు వచ్చే ఏప్రిల్‌లోనే. అంటే రిమ్మా వాణ్ని చూసేసరికి వాడు నడిచే పిల్లాడవుతాడు.

ఖబారొవ్‌స్క్‌లో వాన పడుతోంది. విమానాశ్రయం బయట ట్రాలీబస్ స్టాపు దగ్గర, గొడుగు పట్టుకుని రిమ్మా నిలబడి ఉంది. వస్తానని నాతో చెప్పలేదు. దగ్గరికి వచ్చి నా సామాను అందుకుంది. కుశలప్రశ్నలు ఏమీ వెయ్యలేదు. వార్యా పంపిన ఫొటోలు ఆవిడ దగ్గర ఉన్నాయి, కానీ ఫొటోల్లో చంటిపిల్లలంతా ఒకేలా ఉంటారు.

"ఎవరి పోలిక?" అంది.

విమానంలో దారి పొడుగునా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ఎలా చెప్పాలో, ఎంత మామూలుగా చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. పేరు వాళ్లది, ఇంటిపేరు వాళ్లది. మా వైపుది ఒకటే ఉంది. ఆవిడ గొడుగు సగానికి పైగా నా మీదికి వంచి పట్టుకుంది, అవతలి భుజం తడిసిపోతోంది. అది ఆవిడకు తెలిసినట్టు లేదు.

"గ్లేబ్ పోలికే," అన్నాను. "అచ్చు గుద్దినట్టు."

రిమ్మా తల అటు తిప్పుకుంది. ట్రాలీబస్ వస్తోందేమో చూస్తున్నట్టు చాలాసేపు రోడ్డు వైపే చూసింది. ఏ బస్సూ రావడం లేదు.

వాడి గడ్డం మధ్యలో నొక్కి పెట్టినట్టు ఒక సొట్ట ఉంది. అది మా నాన్నది, వేరే ఎవరికీ లేదు. ఆ సంగతి చెప్పలేదు.